సముద్రం పాలు

2022 ఆగస్టు ఆఖర్లో ఒక రాత్రి గుండ్లకమ్మ రిజర్వాయరు గేటు ఒకటి కొట్టుకుపోయింది. అప్పుడు నేను హైదరాబాదులో ఒక పత్రికలో సబ్ ఎడిటర్ని. వార్త డెస్కుకి వచ్చేసరికి పేజీ దాదాపు కట్టేశాం. ఒక సన్మాన సభ వార్త పీకేసి, ఆ ఖాళీలో దీన్ని సర్ది, నిమిషంలో హెడ్డింగు పెట్టాను: గుండ్లకమ్మ నీళ్ళు సముద్రం పాలు. అంతకుముందు కూడా ఏ నది పొంగినా, ఏ గేటు ఎత్తినా అదే హెడ్డింగు. నదిపేరు మారుతుంది, మిగతా రెండు మాటలూ అలాగే ఉంటాయి.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. మద్దిపాడు వైపు ఆ రిజర్వాయరు కింద ఆయనకి రెండెకరాల మిరప ఉంది. "నువ్వే రాశావంటగా అమ్మాయ్. సరిగ్గా రాశావు. నా కళ్ళ ముందర పోయినయ్యి నీళ్ళు" అన్నాడు. గొంతు బాగోలేదు. మల్లవరం దగ్గర ఆ ప్రాజెక్టు 2008లో మొదలైంది. నిండితే 3.859 టీఎంసీలు. దాని కింద 80 వేల ఎకరాలు, ఒంగోలుకి తాగునీళ్ళు. మా తాతయ్య ఆయిలింజను పెట్టి ఏట్లోంచి నీళ్ళు తోడుకుని, అదీ ఎండితే ఆకాశం చూసిన మనిషి. గేటు విరిగిన రాత్రి బాబాయికి పోయినవి ఒక్క ఆ ఏడాది నీళ్ళే కావు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారంలోనే ఇంకో గేటు పోయింది. మళ్ళీ అదే హెడ్డింగు. ఈసారి పెట్టింది నేను కాదు, నా పక్క కుర్చీ అబ్బాయి. నన్నడిగినా అదే చెప్పేదాన్ని.

తర్వాతి సంక్రాంతికి ఊరెళ్ళి, తిరుగుదారిలో స్నేహితులతో వాడరేవులో ఆగాను. ఆదివారం పొద్దున. ఒకపక్క రిసార్టుల జనం సెల్ఫీలు, ఇంకోపక్క పడవలు దిగుతున్న చేపలు, బుట్టల దగ్గర ఆడవాళ్ళ బేరాలు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని పండుగప్ప దొరకదా అని అడిగాను.

"యాడిదమ్మా. మంచినీళ్ళు దిగితే గదా! ఏరు బాగా దిగిన ఏడు మొగల కాడ రొయ్య పడుద్ది, పండుగప్ప పడుద్ది. అయ్యి దిగకపోతే మొగ పూడుద్ది. ఇంకేం పడుద్ది?"

నాకు తెలిసిన సంగతి ఉంది కదా అని, "గుండ్లకమ్మ గేట్లు పోయినప్పుడు నీళ్ళన్నీ వృథాగా వచ్చేశాయి కదా పెద్దాయనా" అన్నాను.

ఆయన వల మీంచి తలెత్తి, "వృథా ఏందమ్మా? వచ్చినయ్యి" అన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

వాదన కాదు అది. నా వాక్యంలో అక్కర్లేని మాట ఒకటుంటే తీసేశాడు, అంతే. సబ్ ఎడిటర్లు చేసే పని. బాబాయి "పోయినయ్యి" అన్న నీళ్ళనే ఈయన "వచ్చినయ్యి" అంటున్నాడు. నీళ్ళు ఒకటే. నిలబడిన చోటు వేరు.

ఆ రోజు నుంచి "సముద్రం పాలు" అన్న మాట నన్ను వదల్లేదు. పాలు అంటే వాటా. ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళు ఇసుక అంటాడు మేస్త్రీ. పనిలో పాలు పంచుకుంటాం. ఆస్తిలో వాటా ఉన్న దాయాదుల్ని పాలివాళ్ళు అంటాం. కానీ అదే మాట ఇంకొకరి పక్కన చేరితే అర్థం తిరగబడుతుంది. మట్టిపాలు, బూడిదపాలు, కుక్కలపాలు, దొంగలపాలు. వాటా అందుకోకూడనివాళ్ళకి అందితే అది నష్టం. సముద్రాన్ని మనం ఈ రెండో వరసలో నిలబెట్టాం, దొంగల పక్కన, బూడిద పక్కన. తమాషా ఏమిటంటే తిట్టేటప్పుడు కూడా భాష దానికో వాటా ఉందనే ఒప్పుకుంటోంది. నేను అన్నిసార్లు అచ్చేసిన హెడ్డింగుని అక్షరాలా చదివితే, నీళ్ళు సముద్రం వాటాకి వెళ్ళాయనే ఉంటుంది.

తెలుగులో వృథాకి ఇంకో మాట అడవిగాచిన వెన్నెల. చిన్నప్పటి నుంచీ వింటున్నా గానీ ఎప్పుడూ ఆగి చూడలేదు. అడవి మీద వెన్నెల కాస్తే ఎవరికి వృథా? అక్కడ జింకలున్నాయి, గుడ్లగూబలున్నాయి, రాత్రిపూట పూసే పూలున్నాయి. మనిషి లేడు, అంతే లోపం. ఈ దృష్టి మనదొక్కరిదే కాదు. 1689లో జాన్ లాక్ కూడా, దున్నకుండా ప్రకృతికే వదిలేసిన నేలని వృథా నేల అంటారు, అది నిజం కూడా అని రాశాడు. ఆ తర్వాత కంపెనీ రెవెన్యూ లెక్కల్లో అలాంటి నేలలు బంజర్లు అయ్యాయి. ఊళ్ళో గొర్రెలు మేసేదీ, పుల్లలు ఏరుకునేదీ, దడికి కంప కొట్టుకునేదీ ఆ బంజర్లోనే. పన్ను కట్టే పంట లేదు గనక అది ఖాళీ.

ఇక్కడ ఆగి వృథా అనే మాటని నాలుగు తిట్టి వెళ్ళిపోవడం తేలిక. బీచిలో కాఫీ తాగుతూ నది స్వేచ్ఛ గురించి మాట్లాడడం ఇంకా తేలిక. కానీ ఈ మెట్టప్రాంతంలో ఆ మాట ఆకలిలోంచి పుట్టింది. 1832-33, నందన నామ సంవత్సరం. డొక్కల కరువు. గుంటూరు జిల్లాలో 5 లక్షల మంది ఉంటే 2 లక్షల దాకా చనిపోయారని అంచనా. పక్కనే కృష్ణ. చూస్తూ ఉండగానే నీళ్ళు సముద్రంలోకి వెళ్ళాయి, ఒడ్డున జనం పోయారు. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1852-55 మధ్య బెజవాడ ఆనకట్ట కట్టారు. ఆ కాలం మనిషి ఎవరైనా సముద్రంలోకి పోయే నీటిని చూసి వృథా అనకపోతేనే ఆశ్చర్యం. మా తాతయ్య అనేవాడు. ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. నా చదువు ఫీజులు ఆ మిరపకాయల్లోంచే వచ్చాయి.

అయితే ఆకలిలో పుట్టిన మాట, ఆకలి తీరాక కూడా అదే అధికారంతో మాట్లాడొచ్చా?

గుండ్లకమ్మ పెద్ద నదేం కాదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. కొండ దిగుతూనే కంభం చెరువు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువుకి 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చోటు దొరికింది. అంటే ఈ ఏరు అడవి దాటకుండానే మనిషి చేతిలో పడి శతాబ్దాలు దాటింది. అక్కణ్ణుంచి మార్కాపురం మెట్ట, అద్దంకి, మల్లవరం, ఒంగోలు తూర్పున సముద్రం. మొత్తం 200 కిలోమీటర్ల పైచిలుకు. మంచు కొండలు లేవు, ఏడాదంతా ఊరే ఊటలు లేవు. వాన పడితే ఏరు, లేకపోతే ఇసక. ఎండాకాలం ఇసకలో చెలమ తవ్వుకుని బిందె ముంచుకున్న రోజులు మా నాన్నమ్మ చెప్పేది. అక్కడక్కడా మడుగులు, గేదెలు, బట్టల రేవులు. ఆ ఇసక కూడా ఇప్పుడు లారీలెక్కి పోతోంది, అది వేరే ఏడుపు.

అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టిందంటే అదే ఏరు రెండు రోజుల్లో గట్లు ఒరుసుకుంటుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. నిండిన గుండ్లకమ్మ రిజర్వాయర్లోకి అలాంటి వరద వస్తే గేట్లెత్తడం తప్ప దారి లేదు. ఎత్తకపోతే కట్టకే ప్రమాదం. మనం హెడ్డింగుల్లో ఏడ్చే "వృథా నీరు" చాలావరకు ఇదే, ఎవరూ పట్టి ఉంచలేని నీరు. సముద్రానికి మనం ఇచ్చిందేమీ లేదు. మన చేతుల్లోంచి జారింది దానికి దక్కింది. దానికీ మనకి దుఃఖమే.

లెక్క రాసే పద్ధతిలోనే కొంత గొడవుంది. కుడి కాలవకి ఇంత, ఎడమ కాలవకి ఇంత, తాగునీటికి ఇంత, ఆవిరి ఇంత, దిగువకి ఇంత. కాలవ కింద రైతు ఉంటాడు, పంపు అవతల పట్నం ఉంటుంది, ఆవిరి వెనక కనీసం ఎండ ఉంటుంది. "దిగువకి" అన్న గడి వెనక ఎవరున్నారో రాయరు.

అక్కడ ఉన్నవాటిలో పండుగప్ప ఒకటి. ఇది విచిత్రమైన చేప. మంచినీళ్ళలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మాత్రం ఉప్పునీటి వైపు దిగుతుంది. మొదట మగదిగా ఉండి, కొన్నేళ్ళకి ఆడదవుతుంది. దానికి ఏరూ సముద్రమూ రెండూ కావాలి, రెండింటి మధ్య దారి తెరిచి ఉండాలి. టైగర్ రొయ్యది ఇంకో వరస. సముద్రంలో పుట్టి, పిల్లగా ఉండగా ఉప్పు తక్కువున్న మొగల్లోకి వచ్చి పెరిగి, మళ్ళీ వెనక్కి పోతుంది. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు. అలలు ఊరికే కూర్చోవు, ఇసక తెచ్చి అక్కడ మేట వేస్తూనే ఉంటాయి. ఏరు తోసుకుంటూ వస్తే ఆ మేట తెగుతుంది, రాకపోతే మూసుకుపోతుంది. ఏరు తెచ్చే ఒండ్రూ ఇసకా తీరానికి చేరితే, కోసుకుపోయే ఒడ్డుకి కొంత దన్ను. ఆనకట్ట ఆపేది నీళ్ళనొక్కటే కాదు, ఆ ఇసకనీ ఆపుతుంది. వాడరేవు పెద్దాయనకి ఇదంతా వచ్చు. రెండు ముక్కల్లో చెప్పాడు, నేను పేరా పొడుగునా చెబుతున్నాను.

అలాగని నీళ్ళు దిగితే చాలనీ కాదు. వాడరేవుకి గుండ్లకమ్మ కన్నా దగ్గరివి కుందేరు, రొంపేరు. చీరాల దగ్గర ఒకటి, వేటపాలెం వైపు ఒకటి. రెండు పేర్ల చివరా "ఏరు" ఉంది. రొంపి కలిసిన ఏరు గనక రొంపేరు అయిందని నా ఊహ. ఇవాళ కాగితాల్లో ఇవి డ్రెయిన్లు. మొదట్లో ఆ మాటలో తప్పు లేదు. డెల్టా పొలాల్లో నిలిచిన నీళ్ళు బయటికి పోకపోతే వరి కుళ్ళిపోతుంది, అందుకు మురుగు కాలవ కావాలి. తెలుగులో ఇక్కడ మురుగంటే పొలంలో మిగులు నీరే, కంపు కాదు. కానీ పేరు పడ్డాక పని మారింది. డ్రెయినే కదా అని ఊరి చెత్త దాన్లోకి, అద్దకం రంగునీళ్ళు దాన్లోకి, రొయ్యల చెరువులు కడిగిన నీళ్ళు దాన్లోకి. ఏరు అని పిలిచినన్నాళ్ళూ దాన్లో కాలు పెట్టేముందు దణ్ణం పెట్టుకున్నవాళ్ళే, డ్రెయిన్ అన్నాక ముక్కు మూసుకుని వంతెన దాటుతున్నారు.

ఆ రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళలో తీరం వాళ్ళూ ఉన్నారు. మొగ దగ్గర సహజంగా పెరిగే రొయ్యపిల్లకి చోటు లేకుండా చేసి, హేచరీ పిల్లని కొని పెంచడం ఎగువ రైతు చేసిన పని కాదు. కాబట్టి ఎగువ వాళ్ళు దుర్మార్గులు, దిగువ వాళ్ళు అమాయకులు అని రాస్తే, నేను వదిలేసి వచ్చిన హెడ్డింగుకి అది ఇంకో వైపు, అంతే. ఏ చోట నిలబడ్డవాడికైనా తన కింద ఇంకొకడున్నాడని గుర్తుండదు.

నాకు తేడా కనిపించేది వేరే చోట. మిగిలితే ఇవ్వడం, వాటాగా ఇవ్వడం. మా ఇంట్లో అమ్మ అందరూ తిన్నాక తినేది. గిన్నెలో ఉంటే తినేది, లేకపోతే "ఇవాళ ఆకలిగా లేదు" అనేది. ఎవరూ ఆవిడకి అన్నం వద్దనలేదు. ఆవిడ తిన్న రోజు ఎవరికీ బాధ లేదు. కానీ వండేటప్పుడు ఆవిడ కొలత ఎసట్లో పడేది కాదు. నేను హాస్టలు నుంచి వచ్చిన ఒక సెలవులో, గిన్నె ఖాళీ అయిందని గమనించి అడిగితే, నాన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు: "అదేంటి, మీ అమ్మకి రాత్రిళ్ళు ఆకలుండదు గదా!" అమ్మ కూడా అవునంది. ముప్పయ్యేళ్ళు అలా జరిగితే ఆకలి లేకపోవడం ఆవిడ స్వభావమే అనుకుంటాం. సముద్రానికి నీళ్ళకేం తక్కువ అన్నప్పుడల్లా నాకు నాన్న ముఖం గుర్తొస్తుంది.

కొలత ముందే పక్కన పెట్టడం అసాధ్యమేమీ కాదు. గంగకి 2018 అక్టోబరులో కేంద్రం అలా ఒక లెక్క కట్టింది. ఎగువ గంగలో నవంబరు నుంచి మార్చి దాకా, అంతకుముందు పది రోజుల్లో నమోదైన సగటు ప్రవాహంలో కనీసం 20 శాతం నదిలోనే ఉంచాలి. అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30. ఆ అంకెలు చాలవని కొట్లాడేవాళ్ళున్నారు. కొట్లాడ్డానికి అక్కడ ఒక అంకె ఉంది. గంగ గంగ కాబట్టి దొరికిందేమో. మెట్టలో ఆరు నెలలు ఇసకగా ఉండే ఏటికి వాటా అడగాలంటే, ముందు అది నదేనని ఒప్పించాలి.

అమెరికాలో కొలరాడో నది దశాబ్దాలుగా సముద్రం చేరడం దాదాపు మానేసింది. ఎగువన పొలాలు, పట్నాలు మొత్తం తాగేస్తాయి. 2014 మార్చిలో అమెరికా, మెక్సికో ఒప్పందం చేసుకుని, సరిహద్దు ఆనకట్ట దగ్గర కొన్ని వారాల పాటు కావాలనే నీళ్ళు వదిలాయి. శాన్ లూయిస్ అనే ఊళ్ళో ఎండిన నది ఇసకలోకి నీళ్ళు వస్తుంటే జనం పిల్లల్ని ఎత్తుకుని ఎదురెళ్ళారు. తమ ఊరి నదిలో నీళ్ళు చూడడం చాలామంది పిల్లలకి అదే మొదటిసారి. మే నెలలో ఆ నీళ్ళు కాసిన్ని సముద్రపు పోటుని తాకాయి. నదిలో ఏడాదంతా పారేదాంతో పోలిస్తే అది ఏపాటి? కానీ ఆ నీళ్ళు ఎవరి చేతిలోంచీ జారలేదు. కూర్చుని, లెక్కేసి, వదిలారు. అక్కడా ఎగువ రైతులున్నారు, వాళ్ళకీ అప్పులుంటాయి.

ఇదంతా బాబాయికి చెప్పాను. ఫోన్లో కాదు, మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు, కల్లంలో కూర్చుని. మిరపకి ఆ ఏడు రేటు లేదు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పెట్టి వచ్చాడు. అలాంటి రోజు ఈ సంగతి ఎత్తడం నా బుద్ధితక్కువే.

"సముద్రానికి నీళ్ళేందే! దానికేమన్నా తక్కువా?"

"సముద్రానికి కాదు బాబాయ్, మొగ దగ్గర ఉన్నవాటికి. వాడరేవు వాళ్ళకి."

"మరి నాకెవురిస్తారు? గేటు పోయిన ఏడు నాకెవురన్నా వాటా ఇచ్చారా?"

నిజమే, ఎవరూ ఇవ్వలేదు. ఆ ఏడు ఆయన పైరు ఎండింది. ఆ మాట మీద చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఎగువ కాలవ మొదట్లో ఉన్నవాళ్ళు రెండు తడులు ఎక్కువ పెట్టుకుంటే చివరి పొలానికి నీళ్ళు రావని, ఆ చివరి పొలం తనదేనని ఆయనే ఎన్నోసార్లు తిట్టుకున్నాడు. ఆ సంగతి గుర్తుచేశాను. "చివరోడివి నువ్వు కాదు బాబాయ్, నీ తర్వాత ఇంకా ఉన్నారు" అన్నాను.

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సరే, ఎంత వదలమంటావు? అంకె చెప్పు."

"నేనెట్లా చెప్తాను? మీరంతా కూచుని తేల్చాలి. మీరు, ఒంగోలు వాళ్ళు, కింద పల్లెకారులు."

"మీటింగుకి చేపలు కూడా వస్తయ్యా?"

"చేపలు రావు. వల వేసేవాళ్ళు వస్తారు."

నవ్వాడు. లేచి పంచె దులుపుకుని, గేదెకి నీళ్ళు పెట్టాలంటూ దొడ్లోకి నడిచాడు. మలుపులో ఆగి, అక్కణ్ణుంచే కేకేశాడు.

"రమ్మను. మిరప నారు పోసే నెలలో మాత్రం పెట్టొద్దని చెప్పు. అప్పుడు నాకు కుదరదు."